విన్సన్ శిఖరాన్ని ఎవరు చూశారు, ఎవరు కొలిచారు, పేరు ఎవరు పెట్టారు?

మీరు అడిగినవి మూడు సంగతులు. మన తెలుగు పర్వతారోహకుడు మల్లి మస్తాన్‌బాబు 2006 జనవరి 19న ఎక్కిన, అంటార్కిటికాలోని విన్సన్ శిఖరాన్ని మొదట కనుగొన్నది ఎవరు అన్నది ఒకటి. దాని ఎత్తు ఒక పుస్తకంలో 5,140 మీటర్లని, మరొకదానిలో 4,897 అని, ఇంకోచోట 4,892 అని ఎందుకు ఉందన్నది రెండోది. స్థిరనివాసులే లేని ఖండంలో పేర్లు పెట్టే అధికారం ఎవరిది, మస్తాన్‌బాబు పేరును అక్కడి ఒక కొండకు పెట్టించగలమా అన్నది మూడోది. నేను ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం హైదరాబాదులో వైమానిక ఛాయాచిత్రాల జతలను చూస్తూ పటాలకు కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, గీయడంలో గడిపాను. ఒక వేసవిలో అంటార్కిటికాలోని మన పరిశోధన కేంద్రం మైత్రి పరిసరాల్లో సర్వే బృందంతో కలిసి పనిచేశాను. నాకు తెలిసినంత మేరకు వివరిస్తాను.

కనుగొనడం అంటే ఒక మనిషి ఒక రోజున చేసిన పని అని మనం అనుకుంటాం. ధ్రువప్రాంతపు పర్వతాల విషయంలో చూడటం వేరు, చూసినది భూగోళం మీద ఎక్కడుందో తేల్చడం వేరు, దానికి పేరు పెట్టడం వేరు. ఈ మూడింటి మధ్య ఒక్కోసారి పాతికేళ్లు గడిచిపోతాయి. మీరు పుస్తకాల్లో గమనించిన తేడాలకు చాలావరకు మూలం నడిమి పనిలోనే ఉంది.

1935 నవంబరు 23న లింకన్ ఎల్స్‌వర్త్ అనే అమెరికన్, పైలట్ హాలిక్-కెన్యన్‌తో కలిసి, అంటార్కిటిక్ ద్వీపకల్పం కొసన ఉన్న డండీ ద్వీపం నుంచి ఒకే ఇంజను ఉన్న చిన్న విమానంలో ఖండం మీదుగా బయలుదేరాడు. దారిలో అంతవరకు ఏ పటంలోనూ లేని ఒక పర్వతశ్రేణి కనిపించింది. మంచు మైదానం మీద కాపలావాడిలా ఒంటరిగా నిలిచిన ఆ శ్రేణికి సెంటినెల్ అని, అందులో ఒక శిఖరానికి తన భార్య మేరీ లూయీజ్ ఉల్మర్ పేరు అని ఆయన అప్పటికప్పుడే నిర్ణయించేశాడు. అయితే ఆ శ్రేణిలోనే దక్షిణాన ఉన్న, ఖండం మొత్తానికి అత్యున్నతమైన విన్సన్ మాత్రం ఆయన కంట పడలేదు. అది 1958 జనవరిలో అమెరికా నౌకాదళ విమానం నుంచి మొదటిసారి కనిపించింది. ఆ వేసవిలోనే (అక్కడ డిసెంబరు, జనవరి నెలలే వేసవి) అమెరికా వారి బర్డ్ కేంద్రం నుంచి మంచు వాహనాల మీద బయలుదేరిన చార్లెస్ బెంట్లీ బృందం నేలమార్గాన ఆ శ్రేణిని చేరుకుంది. 1961లో అమెరికా నామకరణ సంఘం దానికి కార్ల్ విన్సన్ పేరు పెట్టింది. ఆయన పర్వతారోహకుడు కాదు, అన్వేషకుడూ కాదు. అంటార్కిటికా పరిశోధనలకు ప్రభుత్వం నుంచి అండ లభించేలా చూసిన, జార్జియా రాష్ట్రానికి చెందిన కాంగ్రెస్ సభ్యుడు. మనుషులు ఆ శిఖరం మీద మొదట కాలు పెట్టింది 1966 డిసెంబరు 18న, నికొలస్ క్లించ్ నాయకత్వంలోని బృందం ద్వారా. అంటే ఎవరూ ఎక్కకముందే, ఎత్తు సరిగా తేలకముందే, పేరు స్థిరపడిపోయింది.

చూసినంత మాత్రాన సరిపోదని అనడానికి ఆర్కిటిక్ చరిత్రలో పరువు తీసే సాక్ష్యాలున్నాయి. 1818లో జాన్ రాస్ అనే బ్రిటిష్ నావికుడు కెనడా ఉత్తరాన లాంకాస్టర్ జలమార్గంలోకి ప్రవేశించి, ఎదురుగా దారిని మూసేస్తున్న పర్వతాలను చూసి, వాటికి నౌకాదళ కార్యదర్శి క్రోకర్ పేరు పెట్టి వెనక్కి తిరిగాడు. మరుసటి ఏడాది పారీ అనే మరో బ్రిటిష్ నావికుడు అదే పర్వతాలున్న చోటి గుండా ఓడ నడుపుకుంటూ వెళ్లిపోయాడు. 1906లో అమెరికన్ అన్వేషకుడు పియరీ, కెనడా ఉత్తరాన ఉన్న ఆక్సెల్ హైబెర్గ్ ద్వీపం కొసనుంచి వాయవ్య దిశలో కొత్త భూమి కనిపించిందని ప్రకటించి, తనకు డబ్బిచ్చిన శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాంకరు జార్జి క్రాకర్ పేరు దానికి పెట్టాడు. దాన్ని వెతకడానికి 1913లో బయలుదేరిన మాక్‌మిలన్ బృందానికి మరుసటి ఏడాది గడ్డకట్టిన సముద్రం మీద కొండలు, లోయలు, మంచు శిఖరాలు దిగంతమంతా పరుచుకుని నిజంగానే కనిపించాయి. వెంట ఉన్న ఇన్యూట్ వేటగాడు పియుగాటోక్ అది పొగమంచేనని చెప్పినా మాక్‌మిలన్ మరికొన్ని రోజులు ముందుకు నడిచాడు. సూర్యుడు జరిగే కొద్దీ కొండలు రూపు మార్చుకుని, చివరికి కరిగిపోయాయి.

మనకు ఎండమావి తెలుసు. వేడెక్కిన రోడ్డు మీద నేలను ఆనుకున్న గాలి వేడిగా, పైన ఉన్నది చల్లగా ఉండటం వల్ల కాంతి పైకి వంగి, ఆకాశపు తునక నీటి మడుగులా నేల మీద కనిపిస్తుంది. ధ్రువాల దగ్గర దీనికి సరిగ్గా తలకిందుల వ్యవహారం జరుగుతుంది. మంచును ఆనుకున్న గాలి అతి చల్లగా, దాని పైపొర వెచ్చగా ఉంటుంది కాబట్టి కాంతి కిందికి వంగి, దిగంతానికి ఆవల దాగిన మంచు గుట్టలను పైకెత్తి, నిలువుగా సాగదీసి చూపిస్తుంది. అడుగెత్తు గడ్డలు పర్వతాలవుతాయి. దీన్ని మంచుమావి అని పిలవాలని నాకు అనిపిస్తుంది. మైత్రి దగ్గర ఒక ఉదయం కోణాలు కొలిచే థియోడొలైట్ దుర్బిణిలో దూరపు శిఖరం నా కళ్లముందే రెండుగా చీలి, ఒకదానిపై ఒకటి బోర్లించినట్టు నిలబడటం చూశాను. అరగంట ఆగి మళ్లీ కోణం తీసుకోవలసివచ్చింది.

ఇక అసలు కష్టానికి, అంటే స్థానం తేల్చడానికి వస్తాను. విమానంలో వెళ్లే అన్వేషకుడు వేగాన్నీ, దిశనూ, గడిచిన కాలాన్నీ బట్టి తానెక్కడున్నాడో లెక్కకడతాడు. మధ్యమధ్య సెక్స్‌టెంట్‌తో సూర్యుడి ఎత్తు తీసుకుని సరిచూసుకుంటాడు. పక్కగాలి గంటకు 20 కిలోమీటర్ల చొప్పున తోస్తోందని గమనించకపోతే, అయిదు గంటల ప్రయాణంలో 100 కిలోమీటర్ల తప్పు వస్తుంది. ఎల్స్‌వర్త్ కాలపు పటాల్లో శ్రేణులు పక్కకు జరిగి ఉండటానికి కారణం నిర్లక్ష్యం కాదు, లెక్కను సరిచూసుకోవడానికి కింద తెలిసిన గుర్తు ఒక్కటీ లేకపోవడం.

కెమెరాలు వచ్చాక ఈ చిక్కు తీరిందని అనుకుంటాం. నిజానికి అది రూపు మార్చుకుంది, అంతే. 1946-47లో అమెరికా నౌకాదళం జరిపిన హైజంప్ యాత్రలో సుమారు 70,000 వైమానిక ఛాయాచిత్రాలు తీశారు. ఒక కెమెరా నిటారుగా కిందికి, మరో రెండు అటూ ఇటూ వాలుగా ఒకేసారి చూసేలా అమర్చి, ఒక దిగంతం నుంచి మరో దిగంతం దాకా పట్టేశారు. కానీ ఆ చిత్రాల్లో చాలావాటితో నమ్మదగిన పటం గీయడం సాధ్యం కాలేదు, ఎందుకంటే వాటిలో కనిపించే బిందువుల్లో కొన్నింటికైనా అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు నేలమీద కొలిచి ఉండాలి. వాటినే మేము కంట్రోల్ పాయింట్లు అంటాం. అవి లేని ఛాయాచిత్రం చిరునామా లేని ఉత్తరంతో సమానం, ఎంత చక్కటి అక్షరాలైనా చేరవలసిన చోటు తెలియదు. మరుసటి వేసవిలో, విండ్‌మిల్ అనే యాత్రలో, హెలికాప్టర్లతో మనుషులను దింపి కంట్రోల్ పాయింట్లు సంపాదించడమే ముఖ్య కార్యక్రమం అయింది.

ఈ పని చేసినవాడికి మాత్రమే తెలిసే ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఒకే ప్రదేశాన్ని రెండు చోట్ల నుంచి తీసిన చిత్రాల్లో ఒకదాన్ని ఎడమ కంటితో, మరొకదాన్ని కుడి కంటితో చూసినప్పుడు నేల ఎత్తుపల్లాలతో లేచి నిలుస్తుంది. స్టీరియో యంత్రంలో ఒక చిన్న చుక్క ఆ దృశ్యంలో తేలుతూ ఉంటుంది. దాన్ని నేలకు సరిగ్గా ఆనించి జరుపుకుంటూ పోతే కాంటూరు గీత వస్తుంది. తెలంగాణ గుట్టల మీద బండలు, పొదలు, నీడలు ఉంటాయి కాబట్టి చుక్క నేలను తాకినదీ లేనిదీ కంటికి తెలుస్తుంది. ఎండపడిన మంచు మైదానం మీద చుక్క దేన్నీ తాకదు, ఎందుకంటే తాకడానికి కంటికి ఆనేది ఏదీ లేదు. నిండా తోడుకున్న పెరుగు కుండలోకి పైనుంచి చూసి మట్టం ఎంతో చెప్పమన్నట్టు ఉంటుంది. అందులో ఒక నల్ల చీమ పడితే చెప్పగలం. మంచు పొరను చీల్చుకుని పైకి వచ్చిన రాతి శిఖరాలు, గ్రీన్‌లాండ్ ప్రజల మాటలో నునాటక్‌లు, మాకు ఆ నల్ల చీమలు. పైగా మంచు నిత్యం ప్రవహిస్తూ ఉంటుంది, దానిలో పాతిన గుర్తు వచ్చే ఏడాదికి అక్కడ ఉండదు. రాయి కదలదు. అంటార్కిటికా పటాలన్నీ ఆ రాతి శిఖరాలకు కట్టిన గుడారాల వంటివి అంటే అతిశయోక్తి కాదు.

1957లో దక్షిణాఫ్రికాలో రూపొందిన టెల్యూరోమీటరు, రేడియో తరంగం వెళ్లి రావడానికి పట్టిన సమయంతో పదుల కిలోమీటర్ల దూరాన్ని కొలిచే పరికరం, ఈ పనిని పూర్తిగా మార్చివేసింది. 1961 నుంచి వరుస వేసవుల్లో అమెరికా సర్వేయర్లు హెలికాప్టర్లలో ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి గెంతుతూ ట్రాన్స్‌అంటార్కిటిక్ పర్వతాల పొడవునా కంట్రోల్ పాయింట్ల గొలుసు పరిచారు. కుక్కల బళ్లతో ఒక వేసవంతా పట్టే పని రోజుల్లోకి వచ్చింది.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. దూరం నుంచి కోణం కొలిచి ఎత్తు తేల్చేటప్పుడు, శిఖరం 30 కిలోమీటర్ల అవతల ఉంటే, కోణంలో ఒక్క నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, తప్పు జరిగినా ఎత్తులో దాదాపు 9 మీటర్లు తేడా వస్తుంది. పైన చెప్పిన మంచుమావి కాంతిని వంచే తీరు అంతకు కొన్ని రెట్ల తప్పును సులువుగా తేగలదు. మనం నిలుచున్న చోటు ఎత్తును గాలిపీడనంతో లెక్కకట్టి ఉంటే ఆ తప్పు కూడా దీనికి తోడవుతుంది. 5,140 మీటర్లు అనేది విన్సన్‌కు తొలిరోజుల్లో వేసిన అంచనా. 1979-80 వేసవిలో జరిగిన సర్వే దాన్ని 4,897కు దించింది. 2004లో ఆస్ట్రేలియా పర్వతారోహకుడు డేమియన్ గిల్డియా బృందం జీపీఎస్ పరికరాన్ని శిఖరం మీదికే మోసుకెళ్లి కొలవగా 4,892 వచ్చింది. నేడు అందరూ వాడుతున్న అంకె అదే. ఈ మధ్యలో కొండ కుంగిపోలేదు. జీపీఎస్ కూడా సముద్రమట్టాన్ని నేరుగా చెప్పదు, గణితంతో ఊహించిన నున్నటి గోళరూపం నుంచి ఎత్తు చెబుతుంది. దాన్ని సముద్రమట్టానికి మార్చే సవరణ అంటార్కిటికాలో పదుల మీటర్ల దాకా ఉంటుంది. కాబట్టి ఏ పుస్తకంలోనైనా ఎత్తు చూసినప్పుడు ఏ సంవత్సరంలో, ఏ పద్ధతిలో కొలిచారో కూడా చూడండి.

ఇది పాతకాలపు సంగతి అనుకోవద్దు. ఎల్స్‌వర్త్ అదే 1935 నవంబరులో ద్వీపకల్పం మీద మరో శ్రేణిని చూసి, దానికి ఎటర్నిటీ అని, అందులోని మూడు శిఖరాలకు ఫెయిత్, హోప్, చారిటీ అని పేర్లు పెట్టాడు. ఎనభై ఏళ్లకు పైగా మౌంట్ హోప్ ఎత్తు పటాల్లో తక్కువగానే ఉండిపోయింది. 2017 డిసెంబరులో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే ఉపగ్రహ స్టీరియో చిత్రాలతో మళ్లీ కొలిచి, అది అనుకున్నదానికంటే 377 మీటర్లు ఎక్కువని, అంటే 3,239 మీటర్లని ప్రకటించింది. దాంతో బ్రిటన్ తనదని చెప్పుకునే భాగంలో అత్యున్నత శిఖరంగా అంతవరకు పేరుపొందిన 3,184 మీటర్ల మౌంట్ జాక్సన్ రెండో స్థానానికి దిగిపోయింది. ఆ కొలత మొదలైంది కుతూహలంతో కాదు. ఆ ప్రాంతంలో ఎగిరే పైలట్లకు పటంలోని కొండ ఎత్తు తప్పయితే ప్రాణాల మీదికి వస్తుంది.

ఉపగ్రహాల కథ పొడవైనదే గాని ఇక్కడ ముఖ్యమైనవి చెబుతాను. 1997లో కెనడా వారి రాడార్‌శాట్ ఉపగ్రహాన్ని కక్ష్యలోనే అటు తిప్పి దక్షిణం వైపు చూపించి, మేఘాలు, చీకటి అడ్డురాకుండా ఖండమంతటినీ మొదటిసారి రాడార్‌తో చిత్రించారు. 2018లో మినసోటా విశ్వవిద్యాలయపు ధ్రువ పటాల కేంద్రం దాదాపు ఖండమంతటికీ 8 మీటర్లకొక ఎత్తు చొప్పున నమూనా విడుదల చేసింది. మనిషి కన్నుకు ఆనని మంచు మీద కూడా నేటి ఉపగ్రహ కెమెరాలు గాలి చెక్కిన చిన్న గరుకులను పట్టగలగడమే అందుకు కారణం. ఇందులో మనకూ చిన్న చోటుంది. అంటార్కిటికాలోని లార్స్‌మన్ కొండల్లో ఉన్న మన భారతి కేంద్రం వద్ద హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) నడిపే ఉపగ్రహ గ్రాహక కేంద్రం 2013 నుంచి పనిచేస్తోంది, అక్కడ దిగిన సమాచారం మన షాద్‌నగర్‌కు చేరుతుంది. ఎవరి కంటికీ ఎన్నడూ కనబడని పర్వతాలు కూడా పటాలకెక్కాయి. 1958లో సోవియట్ బృందం భూకంప తరంగాలతో మంచు మందాన్ని కొలుస్తుండగా అడుగున ఆల్ప్స్ అంతటి పర్వతశ్రేణి ఉందని తేలింది. గాంబుర్త్సెవ్ అనే సోవియట్ భూభౌతిక శాస్త్రజ్ఞుడి పేరు దానికి పెట్టారు.

ఇక పేర్ల సంగతి. అంటార్కిటికాలో పేరు పెట్టే అంతర్జాతీయ అధికారి ఎవరూ లేరు. 1959లో సంతకమైన అంటార్కిటికా ఒప్పందం నాలుగో అధికరణం ప్రకారం అక్కడి భూభాగాల మీద దేశాల హక్కుల వాదనలు ఉన్నవి ఉన్నట్టు నిలిచిపోయాయి, ఎవరి వాదననూ ఒప్పుకున్నట్టూ కాదు, తోసిపుచ్చినట్టూ కాదు. కనుక ప్రతి దేశం తన సంఘం ద్వారా తన పటాలకు పేర్లు నిర్ణయించుకుంటుంది. బ్రిటన్‌కు 1945 నుంచి, బల్గేరియాకు 1994 నుంచి ఇటువంటి సంఘాలున్నాయి. ఈ పేర్లన్నిటినీ అంటార్కిటిక్ పరిశోధనల శాస్త్రీయ సంఘం, అందరూ స్కార్ అని పిలిచేది, 1992 నుంచి ఒకే సమ్మిళిత గెజిటీరులో, అంటే స్థలనామాల పట్టికలో, చేరుస్తోంది. స్కార్ పేర్లను ఆమోదించదు, నమోదు మాత్రమే చేస్తుంది. అందులో పేర్లు 37,000కు పైగా ఉన్నాయి గాని అవి సూచించే స్థలాలు అంతకంటే చాలా తక్కువ, ఎందుకంటే ఒకే కొండకు రెండు మూడు దేశాలు పెట్టిన పేర్లు పక్కపక్కనే ఉంటాయి. ద్వీపకల్పాన్నే తీసుకుంటే, బ్రిటన్ వారికి అది గ్రాహం లాండ్, అమెరికా వారికి పామర్ ద్వీపకల్పం, చిలీ వారికి ఓహిగ్గిన్స్ భూమి, అర్జెంటీనా వారికి సాన్ మార్టిన్ భూమి. 1964లో బ్రిటన్, అమెరికా రెండూ అంటార్కిటిక్ ద్వీపకల్పం అనే తటస్థమైన పేరుకు ఒప్పుకున్నాయి.

ఆర్కిటిక్‌లో పరిస్థితి వేరు. అక్కడ పేర్లు లేక కొత్తవి పెట్టలేదు, అక్కడే నివసించే ఇన్యూట్‌ల వంటివారు వాడుతున్న పేర్లేమిటో అడగకుండా పెట్టారు.

సంఘాలు పేర్లు ఎలా ఎంచుతాయని మీకు సందేహం రావచ్చు. ఎవరు మొదట అక్కడికి వెళ్లారు, ఏ పరిశోధన చేశారు, ఏ ఓడ తీసుకెళ్లింది అన్నవి మొదటి వరుస. ఎరెబస్, టెర్రర్ పర్వతాలకు 1841లో జేమ్స్ క్లార్క్ రాస్ తన రెండు ఓడల పేర్లే పెట్టాడు. కొత్త ఛాయాచిత్రాల్లో వందల స్థలాలు ఒక్కసారిగా బయటపడినప్పుడు బ్రిటిష్ సంఘం ఒక్కో ప్రాంతానికి ఒక్కో వర్గాన్ని కేటాయించింది. అలెగ్జాండర్ ద్వీపంలో బేథోవన్ ద్వీపకల్పం, బాఖ్ మంచు పలక, మొజార్ట్ పేరిట ఒక మంచు మైదానం ఉండటం అలా వచ్చిందే. అమెరికా నియమాల ప్రకారం కంపెనీ సరుకుల పేర్లు, బండి లాగిన కుక్కల పేర్లు, కేవలం చుట్టరికం లేదా స్నేహం వల్ల ఇచ్చే పేర్లు చెల్లవు. ఆ నియమం ముందే ఉంటే ఎల్స్‌వర్త్ భార్యకు శిఖరం దక్కేది కాదు. 1840లో ఫ్రెంచి నావికుడు ద్యుర్విల్ తన భార్య అడేల్ పేరు మీద ఒక తీరానికి అడేలీ అని పెట్టి ఉండకపోతే, ఆ పేరున్న పెంగ్విన్ కూడా మరో పేరుతో ఉండేది.

ఇప్పుడు మస్తాన్‌బాబు విషయం. శిఖరాన్ని ఎక్కడం వల్ల, మొదట ఎక్కినా సరే, పేరు పెట్టే హక్కు రాదు. మస్తాన్‌బాబు 2006లోనూ, మాలావత్ పూర్ణ 2019 డిసెంబరులోనూ ఎక్కిన ప్రధాన శిఖరానికి పేరు ఎప్పుడో స్థిరపడింది, దాన్ని మార్చే ప్రసక్తి లేదు. అయితే ఆశ వదులుకోవలసిన అవసరమూ లేదు. విన్సన్ గిరిసముదాయంలోని ఉపశిఖరాలకు 2006లో అమెరికా సంఘం 1966 నాటి తొలి బృందంలోని వారి పేర్లు, క్లించ్ శిఖరం, షోనింగ్ శిఖరం, కార్బెట్ శిఖరం అంటూ పెట్టింది. ఎక్కిన నలభై ఏళ్లకు, ఎత్తులు సరిగ్గా కొలిచి కొత్త పటం తయారైన తర్వాతే అది జరిగిందని గమనించండి. భారతీయ మూలాలున్న పేరూ ఉంది. 1971-72లో బెల్లింగ్స్‌హాసెన్, అముండ్‌సెన్ సముద్రాల్లో సీళ్లు, తిమింగలాలు, పక్షుల లెక్కలు తీసిన బృందంలోని అఖౌరి సిన్హా పేరిట అంటార్కిటికాలోని మేరీ బర్డ్ లాండ్ ప్రాంతంలో 990 మీటర్ల మౌంట్ సిన్హా నిలిచి ఉంది.

మీరు ప్రయత్నించదలిస్తే మన అంటార్కిటికా కార్యక్రమాన్ని నడిపే గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రానికి రాయడం సరైన మొదటి అడుగు. స్కార్ గెజిటీరులో భారత్ ఇచ్చిన పేర్లు ఇప్పటికే ఉన్నాయి, దక్షిణ గంగోత్రి హిమానీనదం వాటిలో ఒకటి. మన బృందాలు ఏళ్ల తరబడి నడిచి పటాలు గీసిన, మైత్రి కేంద్రం ఉన్న మంచులేని నేల షిర్మాకర్ ఒయాసిస్, దానికి దక్షిణాన ఉన్న పర్వతాల పరిసరాల్లో, పేరులేని శిఖరాన్ని చూడండి. సెంటినెల్ శ్రేణిలో వెతికితే మరో దేశపు సంఘాన్ని ఒప్పించవలసి వస్తుంది. ఉత్తరంలో శిఖరం అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, అది కనిపించే ఉపగ్రహ చిత్రం తేదీ, చుట్టుపక్కల పేరున్న స్థలాల నుంచి దూరం, దిశ, స్కార్ గెజిటీరులో ఆ బిందువు వద్ద ఏ దేశపు పేరూ లేదని చూసిన వివరం ఉండాలి. మస్తాన్‌బాబు గురించి రెండు వాక్యాలు చాలు. స్థానం తప్పయితే మాత్రం మిగతాదంతా చదవకుండానే పక్కన పెడతారు.